చెవిలో నలుగురు, కళ్లముందు నార్వే

విహారయాత్రకు వెళ్లి ప్రకృతిని ప్రశాంతంగా చూడాలనుకోవడం ఒక దురలవాటు. దాన్ని మాన్పించడానికే హెల్మెట్ ఇంటర్‌కామ్ పుట్టిందని నా నిశ్చితాభిప్రాయం!

తెలియనివారి కోసం చెబుతున్నాను. ఇది అగ్గిపెట్టెంత పరికరం. హెల్మెట్‌కి తగిలిస్తారు. లోపల చెవుల దగ్గర రెండు స్పీకర్లు, నోటి దగ్గర ఒక మైకు ఉంటాయి. గుంపుగా మోటారు సైకిళ్ల మీద వెళ్లేవాళ్లందరినీ ఒకే లైనులో కలిపేస్తుంది. ఒకరు దగ్గితే అందరూ వినాలి. ఒకరు ఆవలిస్తే ఐదు హెల్మెట్లలో ఐదు నోళ్లు తెరుచుకుంటాయి.

దీన్ని పీడ అనేవాళ్లు ఉన్నారు. అంత దూరం పోయి, కొండల మధ్య కూడా మనుషుల వాగుడు వినాలా అని వాళ్ల బాధ. నేను ఒప్పుకోను. ఈ జూన్‌లో పదకొండు రోజులు డెన్మార్క్, స్వీడన్, నార్వే దేశాల గుండా నలుగురి మాటలు చెవిలో పోయించుకుంటూ తిరిగి వచ్చినవాణ్ని. అనుభవం మీద చెబుతున్నాను. ఇది వరం!

ముందు నా అర్హతలు చెప్పుకోవాలి. నా పేరు అమర్‌నాథ్. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో ఆఫీసు సూపరింటెండెంటుని. మా ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడికి వచ్చి దిగాడు. ఆ తర్వాత మా వంశంలో ఎవరూ ఎక్కడికీ పోలేదు. రైళ్లు లోకాన్నంతా ఎక్కడెక్కడికో తీసుకుపోతుంటే, మేము వాటికి బోల్టులు బిగిస్తూ ఇక్కడే ఉండిపోయాం.

మోటారు సైకిల్ నడపడం నాకు రాదు. యూరప్ మొత్తం వెనక సీటు మీద కూర్చుని తిరిగాను. నడిపింది నా భార్య నీలవేణి. ఆవిడ గూడ్సు రైళ్ల లోకో పైలట్. వెనక యాభై ఎనిమిది వ్యాగన్ల బొగ్గు పెట్టుకుని టాటానగర్ లైనులో తిరిగే మనిషికి, వెనక నా ఒక్కడి బరువు ఒక లెక్కా?

ఈ యాత్ర తలపెట్టినవాడు మా ఊరి సుభాష్‌పల్లిలో చిన్న ట్రావెల్స్ నడిపే వినోద్. ఇన్నేళ్లూ పూరీకీ దీఘాకీ బస్సులు వేసేవాడు. ఈ ఏడాది ఎందుకో అతని చూపు ఉత్తర ధ్రువం వైపు మళ్లింది. 'నిశ్శబ్దంతో మాట్లాడండి' అని కరపత్రం వేశాడు. ఐదుగురం చేరాం, అతనితో కలిపి. నాలుగు బళ్లు.

మిగిలిన ఇద్దరి గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే ఈ పరికరం గొప్పతనం నిరూపించింది వాళ్లే.

ఒకరు హెన్రీ గారు. వర్క్‌షాప్‌లో టర్నర్‌గా చేసి నిరుడు రిటైరయ్యారు. చర్చిలో సంఘ పెద్ద. రెండోవాడు గిరిబాబు, వ్యాగన్ షాపులో ఫిట్టరు. ఇంకో రెండేళ్ల సర్వీసుంది. ఇద్దరి క్వార్టర్లూ న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలోనే, రెండు వీధుల ఎడంలో. ముప్పై ఏళ్లు ఒకే షిఫ్టుకి వెళ్లారు. సైకిలు రోజుల్లో ఒకే సైకిలు, బుల్లెట్టు రోజుల్లో ఒకే బుల్లెట్టు. ఒకరికి జ్వరం వస్తే రెండోవాడు సెలవు పెట్టేవాడు.

మూడేళ్ల కిందట హెన్రీ గారి భార్య ఎలీసమ్మ పోయింది. సమాధి చేసేటప్పుడు న్యూ సెటిల్‌మెంట్ అంతా వచ్చింది. హిందువులూ వచ్చారు, బెంగాలీలూ వచ్చారు, ఆవిడ దగ్గర కుట్టుపని నేర్చుకున్న ఆడపిల్లలందరూ వచ్చారు. గిరిబాబు రాలేదు.

అంతే. ఆ రోజు నుంచి హెన్రీ గారు అతనితో మాట్లాడటం మానేశారు. ఎందుకు రాలేదని ఈయన అడగలేదు. ఎందుకు రాలేదో అతను చెప్పలేదు. మూడేళ్లు ఒకే కూరగాయల బజారులో ఒకరికొకరు ఎదురుపడుతూ, ఒకరు వంకాయల వైపు చూస్తే ఒకరు బెండకాయల వైపు చూస్తూ గడిపారు.

మరి ఇద్దరూ ఒకే టూరులో ఎలా చేరారు? వినోద్ ప్రతిభ! ఈయనతో ఆయన రావడం లేదన్నాడు, ఆయనతో ఈయన రావడం లేదన్నాడు. కోల్‌కతా ఎయిర్‌పోర్టులో గిరిబాబుని చూసిన హెన్రీ గారు వెంటనే తన బోర్డింగ్ కార్డు తీసి చూసుకున్నారు, తప్పు విమానానికి వచ్చానేమోనని.

"ఏటి వినోద్, ఇదేటి?" అన్నారు.

"నాలుగు బళ్లు లేకపోతే టూరే లేదంకుల్. చెప్పుంటే మీ ఇద్దరిలో ఒక్కరైనా వచ్చేవాళ్లా?" అన్నాడు వినోద్. ఇంత నిజాయితీగా అబద్ధమాడేవాణ్ని నేను మరెక్కడా చూడలేదు.

కోపెన్‌హాగెన్‌లో బళ్లు తీసుకున్నాం. హెల్మెట్లు పెట్టుకున్నాం. వినోద్ ఏదో బటన్ నొక్కాడు. ఐదుగురి ఊపిరీ ఒకేసారి నా చెవిలో పడింది.

ఇక పరికరం వల్ల కలిగిన మేళ్లు చెబుతాను.

మొదటిది, దారిలో ఏమీ చూడక్కర్లేదు. డెన్మార్క్ నుంచి స్వీడన్‌కి సముద్రం మీద పెద్ద వంతెన ఉంది. రెండు వైపులా నీళ్లు. దాని మీద పోతూ నేనేం చూశానని అడుగుతారా? ఏమీ చూడలేదు! మన స్టేషన్ ప్లాట్‌ఫారం దీనికన్నా పొడుగనిపిస్తుందని గిరిబాబు అంటుంటే, ఎండలో నడిస్తే ఏదైనా పొడుగనిపిస్తుందని నీలవేణి అంటుంటే, ఈ వంతెన ఏ సంవత్సరంలో తెరిచారో వినోద్ ఇంటర్నెట్‌లో చదివినదంతా అప్పజెబుతుంటే వింటూ కూర్చున్నాను. సముద్రం ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోయిందో తెలియదు.

రెండోది, భద్రత. లోకో పైలట్లకు ఒక నియమం ఉంది. సిగ్నల్ కనబడగానే పైలట్ పైకి చెప్పాలి, పక్కనున్న అసిస్టెంటు అదే మాట తిరిగి చెప్పాలి. నీలవేణి ఆ అలవాటు నార్వేకి మోసుకొచ్చింది. అక్కడ అందరూ రోడ్డుకి కుడివైపున నడుపుతారు కాబట్టి అది మరీ ఎక్కువైంది.

"ముందు ఎడమ మలుపు, స్పీడు అరవై," అనేది.

నేను వెంటనే "ఎడమ మలుపు, స్పీడు అరవై" అనాలి. అనకపోతే బండి పక్కకి తీసి ఆపేసేది. రెండు రోజులకి మిగతా ముగ్గురూ కూడా అనడం మొదలుపెట్టారు. పాఠకులు ఊహించుకోవాలి. మంచు కరుగుతున్న కొండలు, లోయలో పచ్చిక, దాని మీద ఎర్ర రంగు చెక్క ఇళ్లు. వాటి మధ్య ఐదుగురు ఖరగ్‌పూర్‌వాళ్లు 'స్పీడు అరవై, స్పీడు అరవై' అని జపం చేసుకుంటూ పోవడం. ఇంతకన్నా పవిత్రమైన యాత్ర ఉంటుందా?

మూడోది, నాకు ఉద్యోగం దొరికింది.

హెన్రీ గారు, గిరిబాబు ఒకరితో ఒకరు మాట్లాడరు కదా. కానీ లైను ఒకటే. ఒకరి మాట ఒకరికి స్పష్టంగా వినిపిస్తూనే ఉంటుంది. అయినా మర్యాద మర్యాదే!

"అమర్‌నాథ్ బాబూ, ముందు బండి మనిషి ఇండికేటర్ ఆర్పలేదు, కాస్త సెప్పండి," అనేవారు హెన్రీ గారు.

"గిరిబాబూ, ఇండికేటర్ ఆర్పలేదట," అనేవాణ్ని నేను.

"ఆర్పీసినానని సెప్పండి ఆ వెనకాయనకి," అనేవాడు గిరిబాబు.

"ఆర్పేశాడట హెన్రీ గారూ."

"వినబడింది," అనేవారు హెన్రీ గారు.

ఇలా స్వీడన్ మొత్తం దాటాం. జంక్షన్‌లో బండ్లు అటూ ఇటూ మళ్లించినట్టు వాళ్ల మాటలు మళ్లిస్తూ కూర్చున్నాను. ఇరవై ఆరేళ్ల సర్వీసులో నా సంతకం అవసరమైన ఫైళ్లు చాలా చూశాను గానీ, నా అవసరం ఇంతగా ఎవరికీ పడలేదు.

హెల్మెట్లు తీసినప్పుడు ఏం మాట్లాడుకునేవాళ్లమని ఎవరైనా అడగవచ్చు. మంచి ప్రశ్న. ఏమీ మాట్లాడుకునేవాళ్లం కాదు.

ఓస్లోలో ఉదయం టిఫిన్‌కి ఐదుగురం ఒక బల్ల దగ్గర కూర్చున్నాం. ఐదు ఫోన్లు బయటికి వచ్చాయి. వినోద్ పెట్టిన 'యూరప్ రైడర్స్' అనే వాట్సాప్ గ్రూపులో హెన్రీ గారు గులాబీ పువ్వుతో గుడ్ మార్నింగ్ పెట్టారు. పక్కనే కూర్చున్న నీలవేణి దానికి చేతులు జోడించిన బొమ్మ పెట్టింది. నేను అందరూ బ్రెడ్ తింటున్న ఫోటో పెట్టాను, ఆ బ్రెడ్ తింటున్నవాళ్ల కోసమే. గిరిబాబు ఖరగ్‌పూర్ నుంచి మోసుకొచ్చిన మరమరాల సంచీ విప్పి, ఎవర్నీ అడక్కుండా అందరి ప్లేట్లలో పోశాడు. హెన్రీ గారి ప్లేటు వచ్చేసరికి సంచీ మడిచి, బల్ల మీద ఆయన వైపు జరిపాడు. ఆయన ఫోను లోంచి తల ఎత్తలేదు. సంచీ అలాగే ఉండిపోయింది.

అరగంట పాటు ఎవరూ నోరు విప్పలేదు. వెయిటరు మేము సంతాప సభలో ఉన్నామనుకుని అడుగుల చప్పుడు లేకుండా తిరిగాడు.

ఏడో రోజు వాన పడింది. కొండలు దిగుతుంటే దారిలో ఒక చెక్క చర్చి వచ్చింది. ఎనిమిది వందల ఏళ్లదట. వినోద్ దానికి తన షెడ్యూల్లో ఆరు నిమిషాలు కేటాయించాడు. నిమిషానికి నూట ముప్పై మూడేళ్ల చొప్పున చూడాలన్నమాట.

చర్చి చుట్టూ రాతి గోడ, గోడ లోపల సమాధులు. మేము లోపలికి వెళ్లాం. హెన్రీ గారు తలుపు దగ్గర చాలాసేపు నిలబడ్డారు. గిరిబాబు మాత్రం గేటు బయటే, బండి దగ్గరే, వానలో తడుస్తూ ఉండిపోయాడు.

మళ్లీ బళ్లెక్కాం. హెల్మెట్లు పెట్టుకోగానే హెన్రీ గారు అన్నారు.

"అమర్‌నాథ్ బాబూ, ఆ ముందు మనిషిని అడగండి, సమాధుల గేటు దాటడం ఆయనకి జన్మలో సేతకాదేటని."

నేను ఆ మాట అందించలేదు. ఉద్యోగంలో చేరాక అదే మొదటిసారి ఫైలు తొక్కిపెట్టడం. కానీ తొక్కిపెట్టి ఏం లాభం? లైను ఒకటే కదా.  గిరిబాబు ఊపిరి మాత్రం వినిపిస్తూ ఉంది.

పది నిమిషాల తర్వాత ఒక మలుపులో గొర్రెలు వచ్చాయి. ఆ దేశంలో వేసవిలో గొర్రెలను కొండల మీద వదిలేస్తారు. అవి రోడ్డు మధ్యకు వచ్చి, పెన్షనర్లలాగా కూర్చుంటాయి. గిరిబాబు ధ్యాస ఎక్కడ ఉందో, ఆఖరి క్షణంలో బ్రేకు తొక్కాడు. తడి రోడ్డు మీద వెనక చక్రం జారింది. బండి ఒక పక్కకు పడి, గీరుకుంటూ గడ్డిలోకి పోయింది. గిరిబాబు మరో పక్కకు దొర్లాడు. ఆ పక్కనే లోయ.

"గిరీ!"

ఆ కేక నా రెండు చెవుల్లోనూ పగిలింది. అరిచింది హెన్రీ గారు. అందరికన్నా వెనక ఉన్న మనిషి అందరికన్నా ముందు ఎలా దిగారో, మా బండి ఆగేలోపల పరుగెత్తుకుపోయి గిరిబాబు జబ్బ పట్టుకుని గడ్డిలో కూర్చోబెట్టారు. భుజం తడిమారు, మోకాలు వంచి చూశారు, వేళ్లు లెక్కపెట్టారు. అన్నీ ఉన్నాయి. అప్పుడు చెయ్యి వదిలేసి, వెళ్లి పడిన బండిని లేపారు.

గిరిబాబుకి మోచెయ్యి దోక్కుపోయింది, అంతే. బండికి ఒక అద్దం పోయింది. గొర్రెలు లేవలేదు.

ఆ తర్వాత సొరంగం వచ్చింది. లేర్డాల్ సొరంగం. ఇరవై నాలుగున్నర కిలోమీటర్లు! కొండ లోపల తిన్నగా పోతూనే ఉంటుంది. చూడటానికి ఏమీ ఉండదు. బండి నడిపేవాళ్లకి మత్తు రాకుండా మధ్యలో మూడు చోట్ల గుహలాగా వెడల్పు చేసి నీలం లైట్లు పెట్టారు. మిగతాదంతా పసుపు లైట్లు, తారు రోడ్డు, ముందున్న బండి వెనక దీపం.

రెండు కిలోమీటర్లు పోయాం. అప్పుడు గిరిబాబు గొంతు వినిపించింది.

"పిలిసినావు కదా."

మళ్లీ అతనే అన్నాడు.

"మూడేళ్లకి నా పేరెట్టి పిలిసినావు హెన్రీ అన్నా."

"గొర్రెని పిలిసినాను," అన్నారు హెన్రీ గారు.

అలవాటు కొద్దీ నేను "గొర్రెని పిలిచారట" అని అందించాను. నీలవేణి మోచేత్తో వెనక్కి నా పొట్టలో ఒక్క పోటు పొడిచింది. నా ఉద్యోగం అక్కడితో పోయింది.

"నాను వొచ్చినాను అన్నా," అన్నాడు గిరిబాబు. "ఆ రోజు. గేటు కాడికి వొచ్చినాను."

ఊపిరి తీసుకుని మళ్లీ మొదలుపెట్టాడు.

"వదిన ఆసుపత్రిలో ఉన్నప్పుడు నా సెయ్యి అట్టుకుని మాట తీసుకున్నాది. మరి మందు ముట్టొద్దు మరిదీ అన్నాది. ముట్టనన్నాను. నాలుగు రోజులు ఆగినాను. ఐదో రోజు పొద్దున్న వదిన పోనాదని కబురొచ్చినాది. ఏటి సెయ్యాలో తెలవలేదు. కాళ్లు తిన్నగా దుకాణం కాడికి ఎల్లిపోనాయి. తాగీసినాక గేపకం వొచ్చినాది, మాటిచ్చినానని. ఆ వాసనేసుకుని వదిన ముందుకి ఏ మొకంతో వస్తాను? గోడ బైట నిల్సున్నాను. మీరు పాడిన పాటలన్నీ ఇన్నాను. అందరూ ఎల్లిపోనాక లోపలికొచ్చి రెండు గుప్పిళ్లు మట్టి ఏసినాను. అదీ సంగతి."

"ముందు నీలం లైటు," అంది నీలవేణి, చాలా మెల్లగా.

ఎవరూ తిరిగి చెప్పలేదు. అయినా ఆవిడ బండి ఆపలేదు.

నీలం గుహ వచ్చింది, పోయింది. మళ్లీ పసుపు లైట్లు.

"మరి సెప్పలేదేటిరా?" అన్నారు హెన్రీ గారు.

"ఏటని సెప్పను? రెండుసార్లు మీ గుమ్మం దాకా వొచ్చినాను. నన్ను సూసి తలుపేసీసినావు. ఆ రోజు నుంచి సుక్క ముట్టలేదు. అదైనా సెబుదామనుకున్నాను. ఎవరికి సెప్పను? సెప్పవలసిన మనిషి మట్టిలో ఉన్నాది, ఇనవలసిన మనిషి తలుపేసుకున్నాడు."

 నాకు హెన్రీ గారు లైను కట్ చేశారేమోనని అనుమానం వచ్చింది. చేయలేదు.

"నానూ తాగినాను," అన్నారు.

"ఏటి?"

"ఆ రోజే. పొద్దున్న, వంటింట్లో. సంఘ పెద్దని గదా! పిప్పర్‌మెంటు బిళ్లలు మూడు నోట్లో ఏసుకుని పాస్టరు గారి పక్కన నిలబడినాను. ఆయన ఇటు తిరిగితే నాను అటు తిరిగేవోణ్ని. దుఃఖంలో మొకం సూపించలేకపోతన్నాను అనుకుని ఆయన నా ఈపు మీద తట్టినాడు. ఒరే గిరీ, నువ్వొచ్చి నా పక్కన నిలబడుంటే ఇద్దరిదీ ఒకటే వాసన అయ్యుండేది. ఎవడు కనిపెడతాడురా?"

గిరిబాబు నుంచి ఒక శబ్దం వచ్చింది. హెన్రీ గారి నుంచీ అలాంటిదే వచ్చింది. ఈ పరికరంలో నాకు కనిపించిన లోపం ఇదొక్కటే. నవ్వూ ఏడుపూ ఒకేలా వినిపిస్తాయి. తయారుచేసేవారు గమనించి సరిచేయాలి.

"నీలం లైటు," అన్నారు హెన్రీ గారు హఠాత్తుగా. నిజమే, రెండోది వచ్చింది. మా ఆవిడ చూసుకోలేదు.

అప్పుడు వినోద్ గొంతు సవరించుకున్నాడు.

"అంకుల్, రెండో బటన్ నొక్కితే మీ ఇద్దరే మాట్లాడుకోవచ్చు. మేం వినక్కర్లేదు. మొదటిరోజే చెబుదామని మర్చిపోయాను."

"నోరు ముయ్యి!" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

సొరంగం దాటాక ఏ దృశ్యం కనిపించిందని అడక్కండి. ఎండ, కిందెక్కడో నీళ్లు, అంతవరకు గుర్తుంది. నా హెల్మెట్ అద్దం లోపలివైపు తడిగా ఉంది. వాన ఎప్పుడో ఆగిపోయింది కాబట్టి, ఇది కూడా తయారీ లోపమే అయి ఉంటుంది.

ఒక చోట ఆగి హెల్మెట్లు తీశాం. ఇద్దరూ కౌగిలించుకుంటారని నేను ఫోను తీసి సిద్ధంగా పట్టుకున్నాను. ఏమీ జరగలేదు! హెన్రీ గారు ఒక బెంచీ మీద కూర్చుని ఫోను చూసుకున్నారు. గిరిబాబు ఇంకో బెంచీ మీద కూర్చుని ఫోను చూసుకున్నాడు. చెవులు మాత్రం ఇద్దరివీ ఎర్రగా ఉన్నాయి. పది నిమిషాలు అలాగే గడిచింది. నీలవేణి ఇద్దరినీ చూసి, తన హెల్మెట్ పెట్టుకుని, "ఎక్కండి, ఎక్కండి, లేటైపోతంది," అంది. షెడ్యూల్లో ఇంకా సమయం ఉందని వినోద్ అనబోతే, వాడి వైపు ఒక చూపు చూసింది.

హెల్మెట్లు తలకెక్కాయో లేదో, లైనులో వరద!

ముగ్గురూ ఒకే బుల్లెట్టు మీద దీఘా వెళ్లి ఎలీసమ్మకి సముద్రం చూపించిన రోజు. ఆవిడ నీళ్లలో దిగనని మొండికేసి, దిగాక రానని మొండికేసిన సంగతి. ఆవిడ చేపల పులుసులో చింతపండు ఎక్కువైందని ముప్పై ఏళ్లు ఒక్కరూ చెప్పలేకపోయిన సంగతి. గిరిబాబు కూతురి పెళ్లికి ఆవిడ కుట్టిన జాకెట్టు పొట్టిదైతే, పిల్లే పొడుగైపోయిందని దబాయించిన సంగతి. ఆవిడ ఆఖరి రోజుల సంగతి. ఆ తర్వాత హెన్రీ గారు ఒక్కరూ అన్నం వండుకోవడం నేర్చుకున్న సంగతి. బెర్గెన్ ఊరు వచ్చేదాకా ఆగలేదు. మధ్యలో జలపాతాలు కొన్ని వచ్చాయని తర్వాత ఫోటోల్లో చూశాను. నార్వే ప్రభుత్వం వారు మన్నించాలి.

బెర్గెన్‌లో బళ్లూ పరికరాలూ అప్పగించేశాం. కోల్‌కతాలో దిగి, హౌరా నుంచి ఖరగ్‌పూర్ లోకల్ ఎక్కాం. ఐదుగురం ఎదురెదురు సీట్లలో కూర్చున్నాం. ఐదు ఫోన్లు బయటికి వచ్చాయి. ఖరగ్‌పూర్ వచ్చేదాకా ఒక్క మాట లేదు.

నేను భయపడ్డాను. వరమంతా బెర్గెన్‌లో కౌంటర్ మీద వదిలేసి వచ్చామా?

ఆదివారం చర్చి అయిపోయాక హెన్రీ గారు బుల్లెట్టు వేసుకుని గిరిబాబు క్వార్టర్ ముందు ఆగి హారన్ కొట్టారు. పిలవలేదు, దిగలేదు, హారన్ మాత్రం కొట్టారు. గిరిబాబు వచ్చి వెనక ఎక్కాడు. ఇద్దరూ సమాధుల దగ్గరికి వెళ్లారు. అక్కడ ఏమనుకున్నారో నాకు తెలియదు. లైనులో నేను లేను. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం దారి పొడుగునా పోట్లాడుకుంటూ వచ్చారని, గాలికి వినబడక ఒకరి చెవిలో ఒకరు అరుచుకుంటూ వచ్చారని వినోద్ చెప్పాడు. గొర్రెలు ఎన్ని అన్నది తగువట. ఇప్పుడు రోజూ సాయంత్రం క్యారమ్ బోర్డు దగ్గర ఆ తగువు నడుస్తోంది. ఆరని ఒకరు, తొమ్మిదని ఒకరు.

కాబట్టి పాఠకులారా, ఇంటర్‌కామ్‌ని పీడ అనకండి. రెండు చేతులూ హ్యాండిల్‌కి అతుక్కుపోయి, తల డబ్బాలో ఇరుక్కుపోయి, కళ్లు రోడ్డు మీంచి తిప్పడానికి వీల్లేకుండా కట్టిపడేస్తే తప్ప మనం మాట్లాడటం లేదు, మాట్లాడేది వినటం లేదు. అందుకు నార్వే దాకా పోవడం కాస్త దూరమే. కానీ దగ్గరలో ఇంకేం ఉంది? క్వార్టర్లో ఏ సౌకర్యం ఉంది? కుర్చీ ఉంది, టీ ఉంది, ఎదురుగా మనిషి ఉంది, చేతిలో ఫోను ఉంది.

ఇది నేను ఊహించి రాస్తున్నది కాదు. ఈ వ్యాసాన్ని ఇప్పుడు మా వరండాలో కూర్చుని ఫోనులోనే టైపు చేస్తున్నాను. నీలవేణి ఇందాకే డ్యూటీ దిగి వచ్చింది. స్నానం చేసి, రెండు కప్పుల టీ తెచ్చి ఎదురుగా కూర్చుంది. చాలాసేపటి నుంచి ఏదో చెబుతోంది. జంక్షన్ అన్న మాట వినబడింది. పదిహేను రోజులు అన్న మాట కూడా వినబడినట్టుంది. చర్చి పేరా రాస్తున్నప్పుడు ఒకసారి ఊఁ అన్నాను. సొరంగం రాస్తున్నప్పుడు రెండుసార్లు అన్నాను. సొరంగం చాలా బాగా వచ్చింది.

"ఊఁ అంటే ఎల్లమనా, వద్దనా?" అంది ఇప్పుడే.

"ఊఁ," అన్నాను.

ఆవిడ కాసేపు నా వంక చూసింది. తర్వాత "ఠీక్ హై" అని, తన కప్పు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

నేను దేనికి ఒప్పుకున్నానో నాకు తెలియదు. లోపల బీరువా తలుపు తెరిచిన చప్పుడైంది. పెట్టె కిందికి దించిన చప్పుడు కూడా అయింది.

ఇంకో రెండు పేరాలు రాయవలసి ఉంది. అవి లేకపోయినా ఎవరికీ నష్టం లేదు. ఫోను ఇక్కడ పెట్టేసి లోపలికి వెళ్తున్నాను.